ఒక్కటే కాపీ

నవంబర్ 4, మంగళవారం

ఉజైర్ డిస్కు పాడు చేశాడు.

నవంబర్ 5, బుధవారం

నిన్న ఒక్క ముక్క రాసి పెన్ను విసిరేశాను. ఇవాళ కోపం తగ్గలేదు కానీ పెన్ను వెతికి తెచ్చుకున్నాను.

ఈ డైరీ తెలుగులో రాసుకోవడంలో ఒక సుఖం ఉంది. మా ఇంట్లో తెలుగు మాట్లాడటం అందరికీ వచ్చు, చదవడం నాకు తప్ప ఎవరికీ రాదు. అమ్మీకి ఉర్దూ అక్షరాలే వచ్చు. తమ్ముడు ఉజైర్ ఇంగ్లీషు మీడియంలో పదేళ్లు కూర్చుని ఏ భాషా అంటకుండా బయటపడ్డాడు. నేనొక్కదాన్నే వికారాబాద్‌లో నానా, అంటే అమ్మీ వాళ్ల నాన్న, ఇంట్లో ఉండి తెలుగు బడిలో చదివాను. కాబట్టి ఇక్కడ వాణ్ని గాడిద అని రాసి, పేజీ తెరిచిపెట్టే అన్నానికి వెళ్లొచ్చు.

గాడిద.

జరిగింది ఇది. మా పెళ్లి వీడియోల స్టూడియోలోని పెద్ద డిస్కును నేను మూడు భాగాలు చేసి పెట్టాను. మొదటిది మర్దానా. పెళ్లిళ్లలో మగవాళ్ల వైపు వాడు తీసే వీడియోలకు. రెండోది జనానా. ఆడవాళ్ల వైపు నేను తీసే వీడియోలకు. మూడోది ఖాళీ, చెయ్యి తిరగడానికి చేసుకున్నది. మూడూ ఒకే కొలత. జనానాకూ ఖాళీదానికీ డ్రైవ్ అక్షరం తీసేశాను కాబట్టి వాడు తన కంప్యూటర్‌కు డిస్కు తగిలించినా అవి కనపడవు. పురానాపూల్ మొత్తంలో డిస్కుకు గోషా పెట్టినదాన్ని నేనొక్కదాన్నే. ఎవరూ నేర్పలేదు. యూట్యూబ్ పాఠాలు విని నేర్చుకున్నాను. షూటింగ్‌లో కూడా విన్నాను. హిజాబ్ కింద ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఆ ఢోలక్ పాటలు వినకపోతే పోయేదేముంది. ఏ ఇంటికెళ్లినా అవే పాటలు, అవే వియ్యపురాలి తిట్లు, అవే పగిలిన గొంతులు. శబ్దం సంగతి కెమెరా చూసుకుంటుంది.

సోమవారం ఉజైర్ వచ్చి మర్దానా నిండిపోయింది, జాగా కావాలన్నాడు. ఖాళీ భాగాన్ని తీసేసి ఆ జాగాను మర్దానాకు కలిపి ఇచ్చాను. వాడు డిస్కు పట్టుకుపోయి ఏదో వలీమా విందు అందులోకి ఎక్కించుకున్నాడు. మంగళవారం నేను తగిలించి చూస్తే మర్దానా ఉంది, పక్కన ఇంకో భాగం ఉంది, అది తెరిస్తే ఏమీ లేదు. జనానాను ఊడ్చి పెట్టాడు. అందులో ఉన్నది ఒకే ఒక్క పెళ్లి, ఖుద్సియాది. ఇంకా ఎడిటింగ్ మొదలుపెట్టలేదు.

నేను తీసింది ఖాళీదాన్నే. ఇందులో అనుమానం లేదు.

నవంబర్ 7, శుక్రవారం

"కీబోర్డు కబుర్లు" అని ఒక తెలుగు ఫోరం ఉంది. కంప్యూటర్ సందేహాలు తీరుస్తారట. ఖాతా తెరిచి, పేరు దగ్గర "ఎస్" అని మాత్రం పెట్టి, ఇలా అడిగాను: "అర్జెంట్!!! డిస్కులో డేటా పోయింది. ప్లీజ్ హెల్ప్. వెంటనే చెప్పగలరు."

అంజన్ అనే మహానుభావుడు జవాబిచ్చాడు: "బ్రదర్, ఏ డిస్కు? ఏ సిస్టం? చివరగా మీరేం చేశారు? ఏం కనిపించాలి, ఏం కనిపిస్తోంది? ఇవి చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు."

బ్రదర్ అట. పోయిందంటే తెచ్చివ్వాలి గానీ ఎదురు ప్రశ్నలు వేయడమేమిటి? ఆకలేస్తోందని హోటల్‌కు వెళితే నీ చివరి భోజనం వివరాలు చెప్పమన్నట్టుంది. పనీపాటా లేని మగాళ్లంతా అక్కడ చేరి పెద్దమనుషుల్లా కూర్చున్నారు. తెలిస్తే చెబుతారు. తెలియదు కాబట్టి అడుగుతున్నారు.

నవంబర్ 8, శనివారం

ఖుద్సియా ఫోన్ చేసింది. వాళ్ల అమ్మమ్మ, నానీమా, పోయింది, నాకు తెలుసు, అమ్మీ పరామర్శకు, అదే పురసాకు, కూడా వెళ్లొచ్చింది. నలభయ్యో రోజుకు చుట్టాలంతా వస్తారట. ఈలోపు మాంఝా రోజు వీడియో, అదే, పెళ్లికి ముందు పసుపు పూసిన రోజుది, ఒక్కటైనా ఇవ్వమంటోంది. అందులో నానీమా ఉందట.

"రెండర్ అవుతోంది," అన్నాను.

"అంటే ఏంది బాజీ?"

"కంప్యూటర్ల ఉడుకుతున్నది. దించినంక ఇస్త."

నమ్మింది. ఈ ఊళ్లో ఎవరికీ ఏమీ తెలియకపోవడం ఒక్కోసారి మంచిదే.

నవంబర్ 9, ఆదివారం

ఉజైర్ ఫలక్‌నుమా పెళ్లి తెచ్చి డిస్కులో వేసుకున్నాడు. అడ్డు చెప్పలేదు. ఎందుకని అడిగితే వాడికి కారణం చెప్పాలి. వాడికి చెబితే చార్మినార్‌కు చెప్పినట్టే.

నవంబర్ 11, మంగళవారం

మళ్లీ అదే ప్రశ్న ఇంకా పెద్ద అక్షరాలతో అడిగాను. ఎవరో దానికి తాళం వేసి, "మంచి ప్రశ్న అడగడం ఎలా" అనే పేజీ చదవమన్నారు. చదివాను. అడిగేముందు వెతకండి. శీర్షికలో ఏడవకండి, విషయం చెప్పండి. చేసినవి చేసిన వరుసలో రాయండి. మీ ఊహ వేరు, మీరు చూసింది వేరు, రెంటినీ కలపకండి. చెప్పేవి శ్రీరంగనీతులు.

సరే, వాళ్ల ముచ్చట ఎందుకు కాదనాలని మూడోసారి పద్ధతిగా అడిగాను. విండోస్, రెండు టీబీ బయటి డిస్కు, మూడు పార్టిషన్లు, అందులో ఒక పార్టిషన్ లోపలిదంతా దానంతటదే పోయింది.

అంజన్: "దానంతటదే పోదు బ్రదర్. చివరగా ఎవరు, ఏం చేశారు? పార్టిషన్లకు పేర్లు పెట్టలేదా? ఏది ఏదో ఎలా గుర్తుపట్టారు? బ్యాకప్ లేదా?"

ఆ చివరి ప్రశ్నలో వెటకారం నాకు వినపడింది. బ్యాకప్ లేదా అట. వీడికేం తెలుసు మా పని! మా దగ్గరికి వచ్చేవి పెళ్లి కార్డు మీద పెళ్లికూతురి పేరు కూడా వేయని ఇళ్లు. ఫలానా వారి కుమార్తె, అంతే. వాళ్లు ఇంకెక్కడికీ పోకుండా మా గల్లీ వెతుక్కుంటూ రావడానికి కారణం మేమిచ్చే రెండు మాటలు. ఒకటి, డబ్బా మీద గానీ ఫైలు మీద గానీ డిస్కు మీద గానీ ఆడవాళ్ల పేరు ఉండదు. రెండు, ఒక్కటే కాపీ. అది వాళ్ల చేతికిస్తాం, మా దగ్గరిది తుడిచేస్తాం. రెండో కాపీ ఉందని తెలిస్తే మా గడప తొక్కరు. అందుకే జనానా అని కూడా ఎక్కడా రాయను. మూడు గళ్లు, మూడూ పేరులేనివి. ఏది ఏదో నా మనసులో ఉంటుంది. ఇదంతా వాడికి విడమరిచి చెప్పడానికి వాడు నాకు చుట్టమా పక్కమా?

"గుర్తుంటుంది," అని మాత్రం జవాబిచ్చాను.

నవంబర్ 12, బుధవారం

అఫ్జల్‌గంజ్‌లో పోయిన డేటా తీసిచ్చే దుకాణం ఒకటుందంటే వెళ్లాను. లోపల ముగ్గురు మగాళ్లు, ఒక ఫ్యాను, గోడ నిండా చచ్చిపోయిన డిస్కులు.

"ఇడ్శిపో ఆపా. తెరిచి చూస్తం."

"లోపల ఏమున్నదో చూడకుండ తియ్యొస్తదా?"

"గదెట్ల? వచ్చిందో రాలేదో ఆడిచ్చి చూడాలె గద."

"చూడొద్దు. ఆడోళ్ల వీడియో."

వాడు నవ్వి పక్కవాడి వైపు చూశాడు. "మేం రోజు మస్తు చూస్తం ఆపా. ఫికర్ చెయ్యకు."

ఆ మాటతోనే డిస్కు సంచిలో వేసుకుని మెట్లు దిగాను. ఆ గదిలో ఆ ముగ్గురి ముందు ఖుద్సియా పసుపు మొహంతో ఆడటం కంటే మూసీలో పడేయడం నయం. వంతెన మీదుగా వస్తుంటే నిజంగానే ఒక క్షణం ఆ ఆలోచన వచ్చింది. డిస్కే లేకపోతే ఎవరు పాడు చేశారన్న ప్రశ్న కూడా ఉండదు కదా.

నవంబర్ 14, శుక్రవారం

ఖుద్సియా ఫోన్. రెండర్ అవుతోందన్నాను.

నవంబర్ 15, శనివారం

ఉజైర్ గుడిమల్కాపూర్‌లో ఏదో నిఖా తీసి వచ్చాడు. పూల మార్కెట్ పక్క హాలట. ఒళ్లంతా చామంతి వాసన. డిస్కు అడిగాడు, ఇచ్చాను. ఇస్తూ ఇస్తూ మామూలుగా అన్నట్టే అన్నాను.

"మొన్న డిస్కు తీస్కపోయినవ్ గద, పక్కన ఇంకో గడి ఉంటది. దాన్ని ఏమన్న ముట్టినవా?"

"ఏ గడి? నాకు ఒకటే కనవడ్డది. దాంట్లనే ఏసిన."

"మంచిగ యాది చేస్కో."

"ఏంది ఆపా, నువ్వే గద సోమారం నాడు మౌసు పట్కొని టక్కుటక్కున కొట్టినవ్. అది ఏదో అడిగింది గూడ, డేటా పోతది, అవునా కాదా అని. నేను పక్కనే ఉన్న. చదువరాదా అని నేనడిగితే, 'ఖాళీది గాడిదా, ఖాళీ దాంట్ల ఏం పోతది' అన్నవ్."

ఆడలేక మద్దెల ఓడన్నాడట ఎవడో. వీడి తెలివి ఇంతే. తప్పు చేసినవాడికే ఇన్ని వివరాలు గుర్తుంటాయి.

నవంబర్ 18, మంగళవారం

అంజన్ వదలడం లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. "బ్రదర్, ఒకటి మాత్రం సూటిగా చెప్పండి. డేటా పోయాక ఆ డిస్కులోకి కొత్తగా ఏమైనా ఎక్కించారా?"

"లేదు," అని రాశాను.

నేను ఎక్కించలేదు. ఎక్కించింది ఉజైర్. అదీ మర్దానాలోకి. పక్కింట్లో సామాను దించితే మా ఇంటికేం?

"అయితే ఆశ ఉంది," అన్నాడు. "డిస్కులో ఇప్పుడు ఏయే భాగాలున్నాయో ఆ తెర ఫొటో తీసి పెట్టండి."

పెట్టలేదు. ఊరూ పేరూ తెలియని మగాడికి మా డిస్కు లోపలి కథ ఎందుకు?

నవంబర్ 20, గురువారం

ఖుద్సియా స్వయంగా వచ్చింది. నల్ల బురఖా, చేతులకు పెళ్లి గోరింటాకు వెలిసిపోయి గోళ్ల చివర మిగిలింది. అమ్మీ చాయ్ తెచ్చింది. కప్పు పట్టుకుని తాగకుండా కూర్చుంది. ఈ పిల్లకు ఒక్క పాట కోసం ఇంత యాగీ ఎందుకని నాకు విసుగ్గానే ఉంది. ఢోలక్ పాటలే కావాలంటే ఫోన్‌లో వెతికితే వంద దొరుకుతాయని చెప్పాను కూడా.

"అది దొర్కదు బాజీ. నానీమా అప్పటికప్పుడు కట్టింది."

"ఏం కట్టింది?"

"ఆమెకు చదువు రాదు గద. ఢోలక్ మీద చెయ్యి పడితే ఎవరి మీద కావాల్నంటే వాళ్ల మీద కట్టి పాడేది. మల్ల అడిగితే అదే రాదు, వేరేది వస్తది. మాంఝా నాడు మా అత్త మీద ఒకటి కట్టింది, అందరు నవ్విన్రు. దాని ఎనక నా మీద. నా పేరు పెట్టి."

కప్పు కింద పెట్టింది.

"కార్డు మీద నా పేరు ఎయ్యలే. హాలు బయట బోర్డు మీద దూల్హా పేరొక్కటే. ఆ మొత్తం పెండ్లిల నా పేరు పల్కింది ఇద్దరే. ఒప్పుకున్నవా అని అడగనీకి ఖాజీ సాబ్ పల్కిండు. నానీమా ఊర్కెనే పల్కింది, ముద్దుకు. నన్ను తల దించుకొని కూసోబెట్టిన్రు, ఒకటే నవ్వులు, ఒకటే లొల్లి. నా పేరు ఇనవడ్డది, మిగతాది ఇనవడలే. తెల్లారి మల్ల పాడు నానీమా అంటే ఏమన్నదో తెల్సా?"

తనే చెప్పింది.

"వీడియోల ఉన్నది గద బేటా, నీకు ఎన్నిసార్లు కావాల్నంటే అన్నిసార్లు చూస్కో అన్నది."

రెండర్ అవుతోందని ఈసారి అనలేకపోయాను. నాలుగు రోజుల్లో చెబుతానన్నాను. తను వెళ్లాక ఆ చాయ్ పారబోసి కప్పు కడిగాను.

నవంబర్ 21, శుక్రవారం

కాగితం మీద మూడు గళ్లు గీశాను. మర్దానా, జనానా, ఖాళీ. ఈ వరుసలోనే చేశాను. పాఠంలో మొదటి రోజే చెప్పాడు, ఒక భాగాన్ని పెంచాలంటే దానికి ఆనుకుని కుడివైపునున్న జాగానే కలుస్తుందని. దూరంగా ఉన్నది కలవదు.

మర్దానాకు ఆనుకుని ఉన్నది ఖాళీ గడి కాదు.

ఖాళీ గడి ఇప్పటికీ డిస్కు చివర ఉంది. రెండు వారాలుగా దాన్ని తెరిచి చూస్తూ, ఉజైర్ జనానాను ఊడ్చేశాడని తిడుతున్నాను.

నవంబర్ 22, శనివారం

ప్రశ్న మళ్లీ రాశాను. ఇక్కడ కూడా దించుకుంటున్నాను.

"శీర్షిక: పొరపాటున వేరే పార్టిషన్ తీసేసి, పక్కదాన్ని దాని మీదికి పెంచాను. వీడియోలు వెనక్కి వస్తాయా?

"డిస్కు రెండు టీబీ. వరుసగా ఒకటి, రెండు, మూడు, సమానమైన మూడు పార్టిషన్లు. పేర్లు లేవు. నవంబర్ 3న మూడోదాన్ని తీయబోయి రెండోదాన్ని తీశాను. డేటా పోతుందని హెచ్చరిక వచ్చింది, చదవకుండా అవునన్నాను. ఆ జాగాను ఒకటోదానికి కలిపాను. ఒకటోది అప్పటికే నిండి ఉంది. ఆ రోజే అందులోకి ఒక వలీమా వీడియో ఎక్కింది. ఆ తర్వాత 9న ఒకటి, 15న ఒకటి. డిస్కు పాడైందని తెలిసిన తర్వాతే ఆ రెండూ ఎక్కాయి. కొత్తగా ఏమీ ఎక్కించలేదని మీకు చెప్పింది అబద్ధం. బ్యాకప్ లేదు. డిస్కు బయటివాళ్లకు ఇవ్వలేను, లోపలి వీడియోలు మగవాళ్లు చూడకూడదు. నా చేతులతోనే చేసుకోవాలి. ఇప్పుడు మొదట ఏం చేయాలి?"

ఇందులో ఉజైర్ పేరు ఎక్కడా రాలేదు. ఎక్కడైనా ఇరికిద్దామని రెండుసార్లు చూశాను. ఎక్కడా పట్టలేదు.

నవంబర్ 23, ఆదివారం

అంజన్ తిట్టలేదు. తిడతాడని సిద్ధమై కూర్చున్నాను, నాలుగు జవాబులు కూడా తయారుగా పెట్టుకున్నాను. అన్నీ వృథా.

"ఇది ప్రశ్న," అని మొదలుపెట్టాడు. డిస్కు వెంటనే తీసి పక్కన పెట్టమన్నాడు. అంతే పెద్ద కొత్త డిస్కు కొని, పాతదాన్ని ఉన్నదున్నట్టు దాని మీదికి నకలు చేసి, ఏం చేసినా నకలు మీదే చేయమన్నాడు. పోయిన పార్టిషన్లను వెతికే ఉచిత ప్రోగ్రాం పేరు చెప్పి, ఏ తెరలో ఏం నొక్కాలో రాశాడు. చివర్లో ఒక మాట: "నిండిన పార్టిషన్‌ను పెంచితే కొత్తవన్నీ పెంచిన జాగాలోనే కూర్చుంటాయి. అంటే మీ పాత వీడియోల మీదే. ఎంత భాగం పోయిందో నేను చెప్పలేను. మొదటిది ఎక్కినప్పుడు మీకు తెలియదు. మిగతా రెండూ ఎక్కకుండా ఉంటే బాగుండేది."

బాగుండేది. నాకు తెలియదనుకున్నాడు పాపం.

నవంబర్ 24, సోమవారం

ఉజైర్‌కు చెప్పాను. గెంతుతాడనుకున్నాను. వాడేమో "అయితే నేను ఏసిన దాని కిందనే పోయిందా?" అని మొహం వేలాడేసుకున్నాడు. కొత్త డిస్కు వాడే తెచ్చాడు. గాడిద అని తిట్టడానికి కూడా సందు ఇవ్వలేదు.

నవంబర్ 27, గురువారం

వచ్చింది. చాలా వరకు వచ్చింది.

తలుపు గడియ వేసుకుని ఒక్కో ఫైలూ తెరిచాను. జీవితంలో మొదటిసారి నేను తీసిన వీడియోను చెవులు పెట్టి విన్నాను. పసుపు గిన్నె చేతులు మారుతోంది. పిల్లలు అరుస్తున్నారు. నానీమా గోడకు ఆనుకుని, కాలు మడిచి, ఢోలక్ మోకాలి కింద నొక్కిపట్టి కూర్చుంది. పగిలిన గొంతేమీ కాదు. బొంగురు గొంతు, తొణకని తాళం. ఖుద్సియా అత్తగారి మీద కట్టిన పాట మొత్తం ఉంది. ఆమె ముక్కు గోల్కొండకు ముందు చేరుతుంది, మనిషి తర్వాత చేరుతుందట. నేను కూడా నవ్వాను. ఒంటరిగా కూర్చుని, ఫక్కున.

తర్వాత నానీమా ఢోలక్ మీద చెయ్యి ఆపి ఖుద్సియా వైపు తిరిగింది. తల నుంచి కాలి దాకా ఒకసారి చూసింది. తాళం మార్చింది. నోరు తెరిచింది.

అక్కడి నుంచి ఆకుపచ్చ గళ్లు. శబ్దం లేదు.

మళ్లీ బొమ్మ వచ్చేసరికి పాట అయిపోయింది. ఆడవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. తల దించుకున్న ఖుద్సియా భుజాలు ఊగుతున్నాయి. నవ్వో ఏడుపో తెలియడం లేదు. నానీమా నేరుగా నా కెమెరాలోకి చూసి, ఎట్లుంది అన్నట్టు తల ఎగరేసింది.

ఆ జాగాలో ఇప్పుడేం కూర్చుందో అంజన్ చెప్పినట్టు లెక్క కట్టి చూశాను. నవంబర్ 15, గుడిమల్కాపూర్. వరసగా కూర్చున్న మగవాళ్లు, బిర్యానీ పళ్లేలు, ఇంకొంచెం వెయ్యండని సైగలు, ఒకాయన మూలుగ బొక్కను కొడుతున్నాడు. ఒక్క పొల్లు పోలేదు, బ్రహ్మాండమైన క్వాలిటీ. దాన్ని ఎవరూ రెండోసారి చూడరు.

15న ఉజైర్ డిస్కు అడిగాడు, ఇచ్చాను. ఆ పేజీ వెనక్కి తిప్పి చదువుకున్నాను. ఎంత తెలివైనదాన్నో!

నవంబర్ 28, శుక్రవారం

ఫోరంలో నా పాత "లేదు" కింద "ఇది తప్పు, ఎక్కించాం, అందుకే పాట పోయింది" అని రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఇంకెవడైనా నాలాంటి తెలివైనవాడు వెతుక్కుంటూ వస్తే చూస్తాడు. ఖాతాలో "ఎస్" తీసేసి సుమయ్య అని పెట్టాను.

అంజన్: "క్షమించండి మేడమ్. ఇన్నాళ్లూ బ్రదర్ అన్నాను."

ఇప్పుడు మేడమ్ అయ్యాను. ఫరవాలేదు, అడిగి ఉంటే అప్పుడూ చెప్పేదాన్ని కాదు.

నవంబర్ 30, ఆదివారం

ఖుద్సియా వచ్చింది. వీడియో పెట్టకముందే చెప్పాను. ఏ రోజు ఏం చేశానో ఆ వరుసలోనే, ఫోరంలో రాసినట్టే. రెండర్ అబద్ధమని కూడా చెప్పాను. "పెట్టు," అంది.

అత్తగారి ముక్కు పాటకు నవ్వింది. నానీమా తన వైపు తిరిగినప్పుడు ముందుకు వంగింది. ఆకుపచ్చ గళ్లు వచ్చినంతసేపూ కళ్లు తిప్పలేదు, వాటి వెనక ఏదో కదులుతున్నట్టు చూసింది. చివర నానీమా తల ఎగరేసిన దగ్గర ఆపమంది.

"బాజీ."

"ఊఁ."

"మా ఖాలాలను, అమ్మీని, అందర్ని అడిగిన. చప్పట్లు కొట్టుకుంట నవ్వుకుంట ఎవ్వలూ సక్కగ ఇనలే. నువ్వు కెమెరా పట్కొని ఆమె ముంగటనే కూసున్నవ్. నువ్వు నవ్వలే, చప్పట్లు కొట్టలే. అప్పుడే ఓరకంట చూసిన నేను, ఈ బాజీ ఒక్కతే మంచిగ ఇంటున్నది అనుకున్న. ఏం పాడింది?"

తెర మీద నానీమా నా వైపే చూస్తోంది.

"నాకు తెల్వదు."

"ఒక్క ముక్కన్న? నా పేరు ఎన్కాల ఏం కలిపింది?"

"నేను ఇనలే ఖుద్సియా. నా చెవుల ఇయర్‌ఫోన్ ఉండె. పాఠం ఇంటున్న."

"ఏం పాఠం?"

"డిస్కుల సామాను పోకుండ ఎట్ల పెట్టుకోవాల్నో."

తిడితే బాగుండేది. ఈ పాతబస్తీలో ఆడపిల్లలకు తిట్టడం రాక కాదు. తను నావైపు చూసింది, అంతే. ఇన్నాళ్లూ నేను కస్టమర్లను, ఉజైర్‌ను, ఆ అంజన్‌ను ఏ చూపు చూశానో ఆ చూపే. నా మీద పడితే ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది.

లేచి నకాబ్ సర్దుకుంది. ఉన్నది ఉన్నట్టు ఇవ్వమంది. గళ్లు కూడా కోయొద్దంది.

"రెండు కాపీలియ్యి," అంది.

చేశాను. పెన్‌డ్రైవ్‌లను కవర్లలో పెట్టి, అలవాటు ప్రకారం వాళ్ల నాన్న పేరు రాయబోయాను. తను నా చేతిలోంచి మార్కర్ తీసుకోలేదు. కవరు మీద వేలు పెట్టి చూపించింది.

"నా పేరు రాయి."

రెండింటి మీదా రాశాను.

"సదువు," అంది.

"ఖుద్సియా," అని పైకి చదివాను.

కవర్లు తీసుకుని వెళ్లిపోయింది.